ఉప్పునీళ్లకు పోపు

నూనెలో ఆవాలు చిటపటమంటుంటే మా నాయనమ్మ నన్ను తలుపు బార్లా తీయమంది. వాసన గల్లీలోకి పోవాలి కదా మరి. నా చిన్నప్పుడు, ఆ లాక్‌డౌన్ రోజుల్లో, ఖాజాగూడలోని మా రేకుల గదిలో మధ్యాహ్నమైతే చాలు, ఇదే తంతు. అమ్మ ఊడ్చే సాఫ్ట్‌వేర్ ఆఫీసు మూసేశారు, జీతం ఆగిపోయింది. రేషన్ బియ్యం ఉన్నాయి గానీ కూరకు ఏమీ లేదు. ఆ సంగతి గోడ అవతలివాళ్లకు తెలిస్తే పరువు పోతుందని, నాయనమ్మ రోజూ చెంచాడు నూనెతో ఉప్పునీళ్లకు చుయ్యిమని పోపు పెట్టేది. ఎవరైనా అడిగితే పప్పు అని చెప్పేది.

ఆ రోజు, సరుకులు కొనుక్కోమని కష్టంలో ఉన్నవాళ్లకు డబ్బులిచ్చే అక్క ఒకామె మా గల్లీకి వచ్చింది. నాకైతే కళ్ల ముందు కోడిగుడ్ల కూర కనిపించింది. ఇంట్లో ఇబ్బందిగా ఉందా అని ఆమె అడగగానే, నాయనమ్మ గరిటె పట్టుకుని పటేలమ్మలా గుమ్మంలో నిలబడింది.

"మాకేం ఫికర్ లేదు బిడ్డా. ఎండల పడి వచ్చినవ్, జర తినిపో."

నేను గబుక్కున గిన్నె మీద మూత పెట్టేశాను. ఆమె సరేనంటే ఏం పెడతాం? ఆమె మాస్కు కొంచెం కిందికి లాగి గాలి పీల్చింది. ఏ గదిలో చూసినా ఘుమఘుమే. ఇక్కడ అందరూ బాగానే వండుకుంటున్నారని వెంట వచ్చినాయనతో చెప్పి, రేపు వెనక గల్లీ చూద్దామంటూ వెళ్లిపోయింది.

కాసేపటికి పక్కింటి అత్త గిన్నె పట్టుకుని వచ్చింది. ఆమెది భీమవరం వైపు. అప్పుడు కడుపుతో ఉంది. వాళ్లాయన క్యాబ్ నడవకపోయినా, రోజూ చేపల పులుసే తింటున్నామని మాకు చెప్పేది.

"పిన్నిగారూ, కాస్త పప్పు పెట్టండి. ఉత్తన్నం మింగుడు పడట్లేదండి."

పప్పు ఇంకా ఉడకలేదంది నాయనమ్మ. మరి పోపు దేనికి పెట్టారని అత్త అడిగింది. నాయనమ్మ చివరికి మూత తీసింది. నీళ్ల మీద ఆవాలు తేలుతున్నాయి. అత్త వంగి చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"మా చేపలు కూడా ఇవేనండి."

నాయనమ్మ కూడా కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత చప్పున ఆగిపోయి, పొట్టల బిడ్డను పెట్టుకుని గిట్ల అబద్ధమాడ్తవా అని అత్తను తిట్టింది. తనాడిన అబద్ధం ఊసే ఎత్తలేదు. ఆ నీళ్లన్నీ అత్త గిన్నెలోనే పోసింది.

ఇప్పుడు నేను కొండాపూర్‌లో ఒక హాస్టల్ వంటింట్లో పనిచేస్తున్నా. ఎవరైనా తిన్నానంటే అక్కడితో వదలను, ఏం తిన్నావని అడుగుతా. మాట తడబడితే ఇంక అడగను, కంచం పెట్టేస్తా.

అప్పుడు, అత్త గిన్నెతో వచ్చిన మర్నాడు పొద్దున, నాయనమ్మ ట్యాంకర్ దగ్గరికి వెళ్లగానే నేను వెనక గల్లీకి పరుగెత్తాను. ఆ అక్క చున్నీ పట్టుకుని, మా గల్లీలో ఒక్కరూ నిజం చెప్పలేదని చెప్పేశాను. చెయ్యి పట్టి లాక్కొచ్చి, ముందు పక్కింటి అత్త దగ్గరికి తీసుకెళ్లాను.