తెల్ల స్తూపం దగ్గర డాయ్ మామ్మ

వూహాన్‌లో పసుపు కొంగ మేడ లిఫ్టు నడిపేది నేనే. "వెయ్యేళ్ళ నాటి మేడలో లిఫ్టేమిటి?" అని బయటూరివాళ్ళు నోరెళ్ళబెడతారు. వెయ్యేళ్ళూ లేదు, గాడిదగుడ్డూ లేదు. పాతది కాలి బూడిదై నూట నలభై ఏళ్ళయింది. ఇప్పుడున్నది కట్టేనాటికి నాకు పదేళ్ళు. పోనీ పాతదున్న చోటైనా కట్టారా అంటే, ఆ చోటును అప్పటికే యాంగ్జీ వంతెన మింగేసింది. అందుకని కొండమీదే కిలోమీటరు వెనక్కి జరిపి కట్టారు. "అయితే మేం చూసిందేమిటి?" అని అడుగుతారు కొందరు. ఇరవై రెండేళ్ళుగా దీన్నే పైకీ కిందికీ తిప్పుతున్నాను, నాకూ సరిగ్గా తెలియదు.

మా ఆయనదీ ఇదే ఉద్యోగం. వంతెన మొగదల ఉన్న బురుజులో లిఫ్టు నడుపుతాడు. రైళ్ళనూ ఓడలనూ అవతలి ఒడ్డు అద్దాల మేడలనూ చూడ్డానికి జనం అక్కడా ఎగబడతారు. ఇంటికొస్తే ఇద్దరికీ పైకి చూడాలన్నా కిందికి చూడాలన్నా విసుగే. అన్నం దగ్గర మాత్రం ఎవరి జనం గురించి వాళ్ళం చెప్పుకుంటాం.

నా జనంలో డాయ్ ఫెంగ్‌షియన్ మామ్మ ఒకతె. ఎనభై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళు నూలు మిల్లులో యంత్రాల మోత మధ్య పనిచేసి ఎడమ చెవి పోగొట్టుకుంది. దాంతో గొంతు పెద్దది. ఏటా ఏడో నెల ఇరవయ్యో రోజున, పాత పంచాంగం ప్రకారం, కాగితం గిన్నెలో నువ్వుల ముద్ద కలిపిన నూడుల్స్ తింటూ మెట్లెక్కి వస్తుంది. మేడ వైపు చూడనైనా చూడదు. ముందున్న తెల్ల స్తూపం కింద చాప పరుచుకుని సాయంత్రం దాకా కూర్చుంటుంది. ఓసారి ఎండకు తాళలేక నీడకోసం నా లిఫ్టు దగ్గరికి వచ్చింది.

"పైన కొంగలేమైనా ఉన్నాయటే, పిల్లా?"

"లేవు మామ్మా."

"మరెందుకే ఎక్కడం?" అని నన్నే కసిరింది. యాభై ఏళ్ళదాన్ని నేను ఆవిడకు పిల్లనే.

ఆ రోజే చెప్పింది. యాభై నాలుగులో వరద వచ్చింది. ఎగువన వాళ్ళ ఊరు మునిగింది, అమ్మానాన్నలు పోయారు. పన్నెండేళ్ళ పిల్ల, ఆరేళ్ళ తమ్ముడు హెపింగ్ చెయ్యి పట్టుకుని ఈ ఊరు చేరింది. గంజి పోసేచోట పిల్లలు నలిగిపోతున్నారని, దూరానికి కనపడేది ఏదో చూసి తెల్ల స్తూపం కింద వాణ్ణి నిలబెట్టింది. "కదిలావో, కాళ్ళిరగ్గొడతా" అని చెప్పి వెళ్ళింది. గంజితో తిరిగొచ్చేసరికి వాడు లేడు. అది ఏడో నెల ఇరవయ్యో రోజు.

"వాడు కదిలాడా, నేనే వేరే వైపుకి వచ్చానా? డెబ్భై ఏళ్ళుగా ఇదే తేలట్లేదే," అంది. ఏడవలేదు.

మరుసటి సంవత్సరం వంతెనకు అడ్డమని ఆ స్తూపాన్ని రాయి రాయీ ఊడదీసి వేరేచోట పెట్టారట. మేడ కట్టేటప్పుడు మళ్ళీ ఊడదీసి ఇప్పుడున్న చోటికి తెచ్చారు. స్తూపం ఎక్కడికి వెళితే మామ్మ అక్కడికి వెళ్ళింది. స్తూపం దగ్గర ఉండమన్నాను గనక వస్తే స్తూపం దగ్గరికే వస్తాడు, అంతే ఆవిడ లెక్క.

రెండేళ్ళ కిందట ఒక ఆగస్టు రాత్రి మా ఆయన తామరదుంప పులుసు జుర్రుకుంటూ అన్నాడు: "మా పిచ్చి తాత మళ్ళీ వచ్చాడు. ఏటా పద్దెనిమిదో తారీఖునే. బురుజు కింద గంట నిలబడి పోతాడు. ఇంత ఎండలో ఏం చూస్తావు తాతా అంటే, మా అక్క ఇక్కడే ఉండమంది అంటాడు."

నేను చెంచా కింద పెట్టేశాను.

"ఎప్పుడు ఉండమందట?"

"వరదప్పుడట. అప్పుడిక్కడ తెల్ల స్తూపం ఉండేదట. అదెక్కడికో పోయినా నేల పోదు కదా అంటాడు. ఎందుకే అలా చూస్తావు?"

"ఎన్నేళ్ళ నుంచి వస్తున్నాడు?"

"ఏమో, పదేళ్ళుంటుంది."

"పదేళ్ళా! పదేళ్ళ నుంచి నీ నోట్లో ఏం నానబెట్టుకున్నావయ్యా!"

"నువ్వు మాత్రం మీ మామ్మ సంగతి ఎప్పుడు చెప్పావు? 'చాప ముసలిది' అన్నావు గానీ," అని తిరగబడ్డాడు. ఆ మాట నిజమే. నామీద నాకే ఒళ్ళు మండింది. కిలోమీటరు దూరంలో ఒకరు నేలను నమ్ముకుని, ఒకరు రాళ్ళను నమ్ముకుని కూర్చున్నారు. పైగా ఆవిడది పాత పంచాంగం, ఆయనది గోడమీది క్యాలెండరు. తప్పిపోయిన ఆ ఒక్క రోజునే చెరో లెక్కన పట్టుకున్నారు గనక, ఒకే రోజున రావడం కూడా కాదు.

ఆ తాత పేరు లియావ్ షుయిలై. నీళ్ళలో వచ్చాడని పెంచినవాళ్ళు అలా పెట్టారట. యిచాంగ్‌లో ఓడల మరమ్మతు చేసి రిటైరయ్యాడు. మా ఆయన మరునాడు బసలో వెతికి పట్టుకుని కొండమీదికి తీసుకొచ్చాడు. నేను మామ్మను పిలిపించాను. నాకైతే కాళ్ళు నేలమీద ఆనడం లేదు. తమ్ముడని ఆవిడ ఏడుస్తుంది, అక్కా అని ఆయన పడిపోతాడు, నేను ఇద్దరికీ నీళ్ళు పట్టాలి, అనుకున్నాను.

ఇద్దరూ స్తూపం కింద ఎదురెదురుగా నిలబడి సంతలో గేదెను చూసుకున్నట్టు చూసుకున్నారు.

"మీ అక్కకు జడలున్నాయా?" అంది మామ్మ.

"రెండు జడలు. ఎర్ర దారం."

"నాకు పేలు పడ్డాయని మా అమ్మ గుండు గీయించింది."

"గంజికి వెళ్ళారా?"

"గంజికే."

"మా అక్క ఆవిరి రొట్టె తెస్తానంది, గుర్తు. నాకు రొట్టే కావాలని ఏడ్చాను."

"మావాడు ఏడవడు," అంది మామ్మ. అంతలోనే, "ఏడ్చేవాడేమో. ఆ రోజు ఏడ్చాడేమో," అంది.

నాకు బుర్ర తిరిగిపోయింది. "ఆరేళ్ళ పిల్లాడికి జడలేం గుర్తుంటాయి మామ్మా? డెబ్భై ఏళ్ళయింది! ఆయనకే గుర్తు తప్పిందేమో, నీకే తప్పిందేమో!" అని అరిచేశాను. అద్దెకు తెచ్చిన పాతకాలపు పట్టుబట్టల్లో ఫోటోలు దిగుతున్న ఆడపిల్లలు తిరిగి చూశారు.

"మీ పేరు?" అంది మామ్మ.

"అదే గుర్తులేదండీ. ఎంత తలుచుకున్నా రాదు."

ఎందుకు కదిలావు అని మామ్మ అడగలేకపోయింది, అది కనిపిస్తూనే ఉంది. ఆయనే చెప్పాడు: "నేను కదల్లేదండీ. ఒకాయన ఎత్తుకుని పడవలో వేశాడు. అక్క కొడుతుందని కొరికాను కూడా."

అప్పుడు ఏడ్చింది. ఎనిమిది పదుల మనిషి, చాప మీద కూలబడి, చెవిటి గొంతుతో, మేడంతా వినపడేట్టు ఏడ్చింది. ఆయన ఏం చెయ్యాలో తెలియక టోపీతో గాలి విసిరాడు. ఇంకేం సందేహం, అక్కాతమ్ముళ్ళే, అనుకున్నాను నేను. పోలీస్ స్టేషనులో తప్పిపోయినవాళ్ళకు ఉచితంగా రక్తం తీసి సరిచూస్తారు. ఇద్దరినీ నేనే తీసుకెళ్ళాను. ఆ నెలంతా ఆయన ఇక్కడే ఉన్నాడు. మామ్మ ఆవిరి రొట్టెలు చేసి పెట్టేది, ఆయన ఆవిడ ఇంట్లో కారుతున్న పంపులన్నీ బిగించాడు. అక్కా అనీ అనలేక, అండీ అనీ అనలేక, "ఇదిగోండి" అనేవాడు.

ఫలితం వచ్చింది. ఇద్దరి రక్తానికీ చుట్టరికం లేదు.

స్టేషను బయట బల్లమీద కూర్చున్నాం. అయితే ఆ స్తూపం కింద ఆ రోజు ఎంతమంది పిల్లలు నిలబడ్డారో! దూరానికి కనపడేది అదొక్కటే కదా, ఎవరైనా పిల్లల్ని అక్కడే నిలబెడతారు. నాకు ఆ ఆలోచనే తట్టలేదు, తగుదునమ్మా అని ఇద్దరికీ ఆశపెట్టాను. లియావ్ తాత రోడ్డుమీద బస్సులు లెక్కపెడుతున్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

చివరికి మామ్మే అంది, "అయితే ఈయన అక్క ఈయన కోసం ఎక్కడ కూర్చుంటోందో."

తాత ఆ రాత్రి బండికి యిచాంగ్ వెళ్ళిపోయాడు. ఆవిడ రొట్టెలు మూటగట్టి ఇచ్చింది. ఇక ఈ కథ ముగిసిందనే అనుకున్నాను, నిజం చెప్పొద్దూ, ముగిస్తే బాగుండుననీ అనుకున్నాను.

ఈ ఏడు ఆగస్టు పద్దెనిమిదిన పొద్దున్నే చూస్తే స్తూపం కింద చాప పరిచి ఉంది.

"మామ్మా, నీ రోజుకు ఇంకా మూడు వారాలపైనే ఉందిగా?" అన్నాను.

"నాది కాదే ఈ రోజు. లియావ్ వాళ్ళ అక్కది. నాలాంటి మొండిదైతే స్తూపం దగ్గరికే వస్తుంది." అంటూనే మెట్లెక్కి వస్తున్న ఒక ముసలావిడను చెయ్యెత్తి ఆపింది. "ఏమమ్మా, వరదప్పుడు నీకు రెండు జడలుండేవా?"

ఆ ముసలావిడ బిత్తరపోయి కూతురి వెనక్కి నక్కింది. మామ్మ ఏమీ అనుకోకుండా తర్వాతి ఆవిడ కోసం చూసింది.

పాత పంచాంగం ఏడో నెల ఇరవయ్యో రోజున మామ్మ మామూలుగానే వచ్చి కూర్చుంది. పదకొండింటికి మా ఆయన ఫోన్ చేశాడు. వెనకాల జనం గోల.

"లియావ్ తాత దిగాడే. ఈ రోజు ఆయనది కాదుగా? లిఫ్టెక్కబోయే ముసలివాణ్ణల్లా ఆపి, 'మీ పేరు హెపింగా? మీ అక్క పైన స్తూపం దగ్గరుంది' అంటున్నాడు. వరస కదలట్లేదు, జనం తిడుతున్నారు. ఏం చెయ్యమంటావు?"

"లిఫ్టు చెడిపోయిందని చెప్పు," అన్నాను. "అందర్నీ అడగనీ."