చాప మీద పరీక్ష

పొద్దున్నే పళ్ళు తోముకోగానే మా వదిన అద్దం ముందు నిలబడి నాలుక బయట పెడుతుంది. ముక్కుకేసి ఎత్తుతుంది, గడ్డానికేసి దించుతుంది, బుగ్గలు పూరించి టప్పున వదులుతుంది. ఆ రోజు పిల్లల చేత చేయించాల్సినవన్నీ ముందు తన నోటితో చేసి చూసుకుంటుంది.

"అత్తని వెక్కిరించాలంటే ఎదురుగా వచ్చి వెక్కిరించాలి గానీ, అద్దంలో ఏంటమ్మా?" అంటుంది మా అమ్మ.

"ఎదురుగా అంటే భయం అత్తయ్యా," అంటుంది వదిన నాలుక లోపలికి తీసుకుని.

వదిన స్పీచ్ థెరపిస్టు. మాట రాని పిల్లలకు మాట నేర్పడం ఆమె పని. ఆ చదువు చివరి ఏడాదిలో జరిగిన సంగతి ఆమె ఒక్కసారే చెప్పింది, అదీ బట్టలు మడతపెడుతూ, నా ముఖం చూడకుండా.

అప్పుడు ఆమెకు మూడేళ్ళ పాపను అప్పగించారు. నోట ఒక్క మాట లేదు. నాయనమ్మ రెండు బస్సులు మారి తీసుకొచ్చేది. మొదటిరోజు వినికిడి పరీక్ష గది ముందు చాంతాడంత వరస. పాప ఏడుపు లంకించుకుంది. వదిన పాపను తన గదికి తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టింది. వెనకగా అదే బల్ల మీద బొమ్మడోలు పెట్టి కొట్టింది. పాప గిరుక్కున తిరిగింది. 'వినికిడి బాగుంది' అని ఫైల్లో రాసేసింది వదిన. పరీక్ష గదికి మళ్ళీ పంపలేదు.

రెండు నెలల్లో పాప "ప", "బ", "మ" అనసాగింది. నాయనమ్మ సంబరానికి పట్టపగ్గాల్లేవు.

ఆఖరి ప్రాక్టికల్ ఆ పాపతోనే. నలభై నిమిషాలు. అద్దాల కిటికీ అవతల ఎగ్జామినరు, పక్కన వదినకు పాఠం చెప్పే మేడమ్. ఆ రోజుతో కేసు ముగుస్తుంది. 'ఇంట్లో బాగా మాట్లాడించండి' అనే కాగితం తీసుకుని నాయనమ్మ వెళ్ళిపోతుంది.

గదిలోని బల్లను ఎగ్జామినరు ఫైళ్ళ కోసం పట్టుకెళ్ళారు. అందుకని నేల మీద చాప పరిచి పాపను కూర్చోబెట్టింది వదిన. ఆట మొదలుపెట్టడానికి డోలు చేత్తో పైకెత్తి, వెనక నుంచి కొట్టింది. పాప చెక్కముక్కలు పేర్చుకుంటూనే ఉంది. ఇంకా గట్టిగా కొట్టింది. తలుపు దగ్గర నాయనమ్మ ఉలిక్కిపడింది.

"అమ్మో! గుండె జారిపోయింది కదమ్మా!"

పాప తల తిప్పలేదు.

వదిన డోలు పక్కన పెట్టింది. ఎదురుగా కూర్చుని, బొమ్మకార్డు నోటికి అడ్డం పెట్టుకుని "పాప" అంది. ఆ పిల్ల ఒక పక్కకి వంగి, కార్డు వెనక ఆమె పెదాల కోసం తొంగిచూసింది.

గడియారంలో ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలున్నాయి. కార్డు దించి "ప", "బ", "మ" అనిపిస్తే చాలు, పాసైపోతుంది. వదిన లేచి అవతలి గది తలుపు కొట్టింది.

"మేడమ్, ఫైల్లో నేను రాసింది తప్పు. పాపకి వినపడట్లేదు."

"ఆటలో పడి తిరగలేదేమో. టైముంది, వెళ్ళి కానివ్వు," అంది మేడమ్.

"కాదండీ. ఆ రోజు బల్ల అదిరితే తిరిగింది. ఇన్నాళ్ళూ నా పెదాలు చూసి అంటోంది."

ఎగ్జామినరు పెన్నుకి మూత పెట్టాడు. "మధ్యలో ఆపితే ఈ పరీక్ష లేనట్టే. తెలుసుగా?"

"తెలుసు సర్."

"తెలిసే ఆపుతున్నావా?"

వదిన తలూపింది. వెనక్కి వచ్చి పాపను చంకనేసుకుని వినికిడి గదికేసి నడిచింది. వెనకే నాయనమ్మ.

"అయితే రెండు నెలలు మేం గోడతో మాట్లాడినట్టా?"

"తప్పు నాదే పెద్దమ్మా."

"నీదేలే. నాకు మాత్రం తెలిసి చచ్చిందా, చెవుల సంగతి!" అంటూనే ఆ ముసలావిడ కొంగుతో పాప ముక్కు తుడిచింది. ఆ గది బయట ఎర్రదీపం ఆరేదాకా ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయని తేలింది. నెల తిరక్కుండా చెవులకి వినికిడి మిషన్లు పెట్టారు. మొదటిసారి పెట్టినప్పుడు పాప భయపడి పీకి పారేసిందట. మాటలు ఆ తర్వాత ఎప్పటికో గానీ రాలేదు, అవీ వేరే థెరపిస్టు దగ్గర.

వదిన ఆ పరీక్షకు ఆరు నెలల తర్వాత మళ్ళీ కూర్చుని పాసైంది. ఆమెతో చదివినవాళ్ళంతా ఉద్యోగంలో ఆమెకన్నా ఆరు నెలలు సీనియర్లు. వాళ్ళలో ఒకామె ఇప్పుడు ఆమెకు పై అధికారి.