నెట్‌వర్క్ కార్డుకు పాస్‌పోర్టు ఫోటో

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఢిల్లీ సాకేత్‌లో మొదటి ఉద్యోగంలో చేరాక ఆ జబ్బు ముదిరింది. చేస్తున్న పని సగంలో ఆపి ఐదు నిమిషాలకోసారి మెయిల్ తెరిచేదాన్ని. టీ కోసం లేచి, టీ సంగతి మరిచిపోయి, మళ్ళీ వచ్చి తెరిచేదాన్ని. అప్పట్లో ఢిల్లీలో విండోస్‌కి బదులు లినక్స్ వాడేవాళ్ళకి ఒక మెయిలింగ్ లిస్ట్ ఉండేది. ఒక్క చిరునామాకి రాస్తే, అందులో చేరిన అందరికీ ఆ ఉత్తరం వెళ్ళేది. నేను అందులో ఏదో ఒక చురక వేసి, దానికి ఎవరెవరు నవ్వారో తెలిసేదాకా కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

పేరుకి అది సాంకేతిక చర్చల కోసం పెట్టిన లిస్టు. జరిగేవి మాత్రం పోట్లాటలు. ప్రోగ్రాములు రాసుకోవడానికి ఏ ఎడిటర్ మంచిది, జవాబు రాసేటప్పుడు పాత ఉత్తరానికి పైన రాయాలా కింద రాయాలా, ఇలాంటివాటి మీద ఉద్యోగాలూ సంసారాలూ ఉన్న పెద్దమనుషులు నెలల తరబడి మాటలు మానేసేవారు. అభిప్రాయం లేనివాడికి అక్కడ చోటు లేదు. అభిప్రాయం ఉన్నా నవ్వించడం రాకపోతే ఎవరూ చదవరు. కొత్తగా వచ్చినవాడు వినయంగా ఏదైనా అడిగాడో, "ముందు మాన్యువల్ చదువుకో" అని నలుగురు మీదపడేవారు. ఆ నలుగురిలో నేను తరచూ ఉండేదాన్ని.

సంతకం చోట నా పేరులోని పొడి అక్షరాలే వాడేదాన్ని కనుక అందరూ నన్ను మగవాడనుకున్నారు. "వాహ్ భాయ్, క్యా మారా హై" అని మెచ్చుకునేవారు. నేను సరిదిద్దలేదు. ఆడపిల్లనని తెలిస్తే నేను రాసిన వాక్యాన్నే ముగ్గురు వచ్చి నాకు విడమరిచి చెబుతారు. ఆఫీసులో రోజూ ఆ ముచ్చట చూస్తూనే ఉన్నాను. అందుకని వాళ్ళందరికంటే ఒక పిసరు ఎక్కువ కటువుగా ఉండేదాన్ని. ఆ కటువుతనం తొందరగానే అలవాటైంది.

ఒక శనివారం పొద్దున పదింటికి లిస్టుకి ఒక ఉత్తరం వచ్చింది. ఉత్తరం అనడం తప్పు, అది అర్జీ. "గౌరవనీయులైన అయ్యలకు, సవినయంగా మనవి చేసుకునేదేమనగా" అని మొదలై, నంబర్లు వేసిన ఐదు పేరాలు నడిచి, "తమ సానుభూతిపూర్వకమైన ఉత్తర్వుల కోసం ఎదురుచూస్తూ" అని ముగిసింది. అంతా సర్కారీ ఇంగ్లీషు. అసలు విషయం మూడో పేరాలో దొరికింది. రాసినాయన కూతురు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ప్రాజెక్టు కోసం లినక్స్ వేసుకున్న ఆమె కంప్యూటర్, వేరే కంప్యూటర్లతో కలపడానికి లోపల పెట్టిన నెట్‌వర్క్ కార్డుని గుర్తుపట్టడం లేదు. నెలాఖరుకల్లా ప్రాజెక్టు చూపించకపోతే ఏడాది పోతుంది.

నాకు జవాబు తెలుసు. ఆ కార్డు పెట్టె మీద ఒక కంపెనీ పేరు ఉంటుంది, లోపల చిప్ ఇంకొకరిది. ఆ చిప్‌కి సరిపడే డ్రైవర్ ప్రోగ్రాము ఎక్కించడానికి ఒక్క లైను ఆజ్ఞ కొడితే చాలు. రాయడానికి నిమిషం పట్టదు. కానీ అలాంటి అర్జీ చూశాక నా చేతులు ఊరుకుంటాయా? మా నాన్న కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు. ఫైళ్ళ భాష మా ఇంట్లో అన్నాల దగ్గర రోజూ వినిపించేదే. పావుగంటలో జవాబు తయారుచేశాను.

"తమ దరఖాస్తు అందినది. పరిశీలన నిమిత్తం దానిని మూడు ప్రతులలో, గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో సమర్పించవలెను. సదరు నెట్‌వర్క్ కార్డు యొక్క పాస్‌పోర్టు సైజు ఫోటో, సత్ప్రవర్తన పత్రము జతపరచవలెను. అసంపూర్తి దరఖాస్తులు తిరస్కరించబడును." కింద సంతకం చోట, సెక్షన్ ఆఫీసర్, నెట్‌వర్క్ కార్డుల విభాగం.

సోమవారానికి లిస్టు ఊగిపోయింది. కార్డుని మెడికల్ బోర్డు ముందు హాజరుపరచమని ఒకరు రాశారు. కార్డు తాతగారి జన్మస్థలం తెలపమని ఇంకొకరు. ఈ జవాబులన్నీ అడిగినాయనకి కూడా ఒక్కో కాపీ వెళ్తాయని అందరికీ తెలుసు, ఎవరూ ఆగలేదు. అసలు సమాధానం కూడా ఎవరూ రాయలేదు. ఇంకెవరో రాస్తారులే అనుకున్నారేమో. నేనైతే అలా అనుకున్నది కూడా లేదు. వారమంతా బస్సు దిగీ దిగగానే సీటు దగ్గరికి పరిగెత్తి, కొత్త నవ్వులు చదువుకున్నాను.

మా ఇల్లు రామకృష్ణాపురంలో సర్కారీ క్వార్టర్. ఆదివారం పొద్దున మా హాలు ఒక చిన్న ఆఫీసు అయ్యేది. సర్టిఫికెట్ల నకళ్ళ మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావలసిన తెలుగువాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. లక్ష్మీ నగర్ గదుల్లో ఉండి పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, కంటోన్మెంట్ నుంచి జవాన్లు. నాన్న పచ్చసిరా పెన్నూ రబ్బరు ముద్రా ముందు పెట్టుకుని కూర్చునేవారు. అసలు కాగితం చూడనిదే నకలు మీద సంతకం పెట్టేవారు కాదు. అమ్మ కాఫీ కలిపేది, నేను అందించేదాన్ని.

వారం తిరిగిన ఆదివారం ఒక హవల్దారు వచ్చాడు. కడప వైపు మనిషి, ఆర్మీలో క్లర్కు. మడత నలగని చొక్కా, చేతిలో ట్యాగు కట్టిన ఫైలు. వెనక కూతురు, భుజాన కాలేజీ సంచి.

"మా పాప గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదువుతాంది సార్," అన్నాడు కుర్చీ అంచున కూర్చుంటూ. "కంప్యూటర్ గురించి ఒక ఆఫీసుకు అర్జీ పెట్టినాము. నేను చెప్తా ఉంటే పాప టైపు కొట్టింది. మేము సైబర్ కేఫ్‌లో నుంచి లేవకముందే జవాబిచ్చినారు సార్. పావుగంట అంతే. మా దగ్గరైతే మూడు నెలలైనా రాదు."

నాన్న ఫైలు అందుకుని, అలవాటు కొద్దీ పైకి చదవడం మొదలుపెట్టారు. "తమ దరఖాస్తు అందినది." నేను కాఫీ ట్రేతో గుమ్మంలో ఉన్నాను. అవి నా మాటలే.

మూడు ప్రతులు ఉన్నాయి. ఒక్కోదాని మీద కుడివైపు పై మూల ఒక పాస్‌పోర్టు ఫోటో. నీలం తెర ముందు నిటారుగా నిలబెట్టిన నెట్‌వర్క్ కార్డు. "స్టూడియోలో ఎనిమిది కాపీలు ఇచ్చినారు సార్, తక్కువైతే ఇంకా ఉండాయి," అన్నాడు హవల్దారు. ఆ వెనక కాలేజీ ప్రిన్సిపాల్ ఇచ్చిన సత్ప్రవర్తన పత్రం. "కార్డుకు ఎవరిస్తారు సార్? కార్డు ఎవరిదో వాళ్ళదే అడిగింటారని పాపకు తెప్పించినాను."

ఆర్మీ క్లర్కుగా సర్వీసంతా ఇంతకంటే అర్థంలేని కాగితాలు తయారుచేసి పైకి పంపిన మనిషి. ఆయనకి ఇందులో వింత ఏం కనిపిస్తుంది?

నాన్న మధ్యలో చదవడం ఆపారు. కళ్ళజోడు పైనుంచి హవల్దారు ముఖం చూశారు. తర్వాత కూతురి ముఖం చూశారు. ఆ పిల్ల తల దించుకుని ఉంది. "ఒరిజినల్ తెచ్చారా?" అని మాత్రం అడిగారు నాన్న. పిల్ల సంచిలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. నాన్న ఫోటోనీ కార్డునీ పక్కపక్కన పెట్టి సరిచూసి, మూడు ప్రతుల మీదా ముద్ర వేసి పచ్చసిరాతో సంతకం చేశారు. మొహంలో నవ్వు జాడ లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"యాడికి పంపాలో అడ్రసు రాయలేదు సార్ వాళ్ళు," అన్నాడు హవల్దారు.

"నాకివ్వండి అంకుల్," అన్నాను. "వాళ్ళది సాకేత్‌లో మా ఆఫీసు పక్కనే. రేపు నేనే ఇచ్చేస్తాను."

ఆ పిల్ల అప్పుడు తలెత్తి నన్ను చూసింది. హవల్దారు లేచి నిలబడి, కాగితాలు రెండు చేతులతో నాకు అందించాడు.

వాళ్ళు వెళ్ళాక నాన్న పెన్ను మూత పెడుతూ, "రాసినవాడెవడో ఫైళ్ళ భాష బాగా వచ్చినవాడు. ఎదురుగా ఉంటే రెండు పీకేవాణ్ణి," అన్నారు. నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. "కప్పులు తీసెయ్యనా?" అని నోట్లోంచి వచ్చింది. ఇప్పటికీ ఆయనకి చెప్పలేదు.

మర్నాడు ఆఫీసులో పని సాగలేదు. ఆయన మెయిల్ చూసుకునేది శనివారాలు కేఫ్‌లో అని, మొన్న మాత్రం ఈ కాగితాల పనిలో వెళ్ళలేకపోయానని మాటల్లో చెప్పాడు. ఆ మెయిల్ పెట్టెలో ఈపాటికి లిస్టు నవ్వులన్నీ పోగుపడి ఉంటాయి. పంపిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. కనీసం కొత్తవి చేరకుండా చూద్దామని, ఆయన చిరునామా తీసేసి లిస్టుకి రాశాను. "ఇక ఆపండి. ఆయన నిజంగానే మూడు ప్రతులు చేయించాడు. కార్డుకి ఫోటో తీయించాడు. నేను చూశాను."

పది నిమిషాల్లో జవాబులు మొదలయ్యాయి. భాయ్, ఇది మొదటిదాన్ని మించిపోయింది. ఫోటోలో కార్డు నవ్విందా, సీరియస్‌గా ఉందా? "నిజం, ఒట్టు" అని మళ్ళీ రాశాను. ఆ ఒట్టుకి ఇంకా నవ్వారు. ఎవరో హుషారులో ఆయన చిరునామా మళ్ళీ కలిపారు. కోపంతో కీబోర్డు విసిరికొట్టాలనిపించింది. కానీ ఎవరి మీద కోపం? ఏడాది పాటు నా నోట ఒక్క నిజమైన మాట వినని వాళ్ళు ఇప్పుడెందుకు నమ్ముతారు?

ఆయనకి విడిగా రాద్దామని కూర్చున్నాను. ముందు మామూలుగా, మర్యాదగా రాశాను. క్షమించండి అన్నాను. పంపే ముందు చేయి ఆగింది. దేనికి క్షమించాలని ఆయన అడుగుతాడు. అప్పుడు నీలం తెర ముందు నిలబెట్టిన ఆ కార్డు సంగతి ఆయనకి తెలిసిపోతుంది. అది చెరిపేశాను. ఒకసారి లేచి మెట్లు దిగి రోడ్డు దాకా వెళ్ళి వచ్చాను. చివరికి మళ్ళీ సెక్షన్ ఆఫీసర్‌నే అయ్యాను.

"తమ దరఖాస్తు, జతపరచిన పత్రములు పరిశీలించబడినవి. అన్నియు సక్రమముగా ఉన్నవి. కోరిన సహాయము మంజూరు చేయడమైనది. ఈ దిగువ ఆజ్ఞను అమలుపరచవలెను." దాని కింద ఆ ఒక్క లైను. ఎక్కడ, ఎలా కొట్టాలో వివరంగా మరో నాలుగు లైన్లు. నవ్వు పుట్టించే మాట ఎక్కడైనా మిగిలిందేమోనని నాలుగుసార్లు చదివి, ఆయనకి ఒక్కరికే పంపాను.

శనివారం ఎలా గడిచిందో చెప్పలేను. ఇప్పుడు కేఫ్‌కి బయల్దేరి ఉంటాడు, ఇప్పుడు మెయిల్ తెరిచి ఉంటాడు, ఇప్పుడు చదువుతూ ఉంటాడు. లంచ్ డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చాను. అమ్మ ఒళ్ళు బాగాలేదా అని నుదురు పట్టి చూసింది.

ఆదివారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీసేసరికి తండ్రీ కూతుళ్ళిద్దరూ ఉన్నారు. హవల్దారు చేతిలో మిలిటరీ క్యాంటీన్ సబ్బులు అరడజను, అమ్మకి. ముఖం చూడగానే అర్థమైంది, ఆయన ఆ నవ్వులేవీ చూడలేదు.

"కార్డు పలికింది సార్," అన్నాడు నాన్నతో, కూర్చోకుండానే. "ఒక్క లైను కొట్టేసరికి పలికింది. కాగితాలు అందిన దినమే మంజూరు చేసినారు. ఏమి పద్ధతిగా రాసినారు సార్ జవాబు. మా పాపకు అట్లాంటి ఆఫీసులో ఉద్యోగం దొరికితే చాలు." నాన్న "అచ్ఛా, ఠీక్ హై" అని తల ఊపారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కాసేపటికి ఆ పిల్ల ఖాళీ కప్పులు పట్టుకుని వచ్చింది. అమ్మ హాల్లోనే ఉంది.

"రెండు జవాబులూ మీవే కదా అక్కా?" అంది మెల్లగా.

కుళాయి కట్టేశాను. "అవును."

"మిగతా మెయిల్స్ అన్నీ నేను డిలీట్ చేసేసినా. రోజూ లంచ్ టైంలో కాలేజీ ల్యాబ్‌కు పోయి. ఈ వారం ఇంకా ఎక్కువ వచ్చినాయి."

"అయితే మొదటిది జోకని నీకు ముందే తెలుసా?"

"చదువుతానే తెలిసింది."

"మరి ఫోటో తీయించేదాకా ఎందుకు ఊరుకున్నావు? అప్పుడే మీ నాన్నకి చెప్పొచ్చు కదా?" అన్నాను. నా గొంతులో విసుగు వినిపించింది. తప్పులో కొంత ఆమెకీ పంచాలని చూశానేమో.

ఆమె కప్పులు గట్టు మీద పెట్టింది. "చదివి గట్టిగా నవ్వేసినానక్కా. ఆపుకోలేకపోయినా, అంత బాగుండె. నాన్న పక్క కుర్చీలోనే ఉండె. నేను నవ్వేది చూసి, మంచి జవాబే వచ్చింది అనుకొని నాన్న కూడా నవ్వినాడు. ఇంక ఎట్లా చెప్పేది?"