‘ఆపవద్దు’ అని రాసిన తలుపు

నాకు కుదురు లేదు. ఇది ఈనాటి జబ్బు కాదు. బస్సు ఇంకా స్టాండులోకి తిరగకముందే లేచి నిలబడి కండక్టరు చేత తిట్లు తినే రకం నేను. అలాంటిదాన్ని పదేళ్లు పట్టే పని నెత్తికెత్తుకున్నానంటే మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. ఓపిక ఉన్నవాళ్లు అలాంటి పని మొదలే పెట్టరని నా నమ్మకం.

తొంభైల్లో మదనపల్లెలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. పొద్దున్నే టమోటా మండీ మీదుగా నడిచి క్లాసుకు వెళ్లడం అలవాటు. ఒకరోజు మండీ గేటు దగ్గర సోమల నుంచి వచ్చిన రైతు ఒకాయన, బాక్సులు దించకుండానే బండి చక్రానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఏమైందని అడిగాను.

“రేటు పడిపోయిందమ్మా. నిన్ననే తెలిసుంటే తోటలోనే ఇడిసిపెట్టుందును. బాడుగ కూడా రాదు ఇప్పుడు,” అన్నాడు.

“ఫోన్ చేసి కనుక్కోలేకపోయావా అప్పా?”

“యాడికి సేసేది? సేస్తే మాత్రం ఎవురు సెప్తారు?”

ఆ రోజు క్లాసులో ఏం చెప్పానో నాకే తెలియదు. ఊళ్లల్లో ఎస్టీడీ ఫోను బూతులు వచ్చేశాయి. ఈ మనిషి బూతులోకి వెళ్లి, తన మాటల్లో తాను అడిగితే, అవతల కంప్యూటరు విని రేటు చెబితే? అనుకున్నంత తేలిక కాదని సాయంత్రానికే అర్థమైంది. మన మాట వినే కంప్యూటరు ఎక్కడా లేదు. దానికి మాట నేర్పాలంటే వందలమంది గొంతులు కావాలి, పెద్ద మిషన్లు కావాలి, ఏళ్లు కావాలి. ఆ మూడూ ఇవ్వగలిగింది ప్రభుత్వం ఒక్కటే. ఏ కంపెనీ ఇస్తుంది, టమోటా రైతు గొంతు కోసం?

ఢిల్లీకి ప్రతిపాదన పంపాను. ఆలోచన బాగుంది, కాలేజీ చిన్నది, యూనివర్సిటీ ద్వారా రమ్మన్నారు. సరే, యూనివర్సిటీకే వెళ్దామని కుప్పంలో ఉద్యోగం చూసుకున్నాను. అప్పటికి కొత్త శతాబ్దం వచ్చింది. మళ్లీ పంపాను. మళ్లీ అడిగారు, మళ్లీ రాశాను. పదేళ్లు కావాలన్నాను. ఐదేళ్లు ఇస్తామన్నారు, అదీ రెండేళ్లయ్యాక కమిటీ వచ్చి చూసి, ఫలితం కనిపిస్తేనే మిగతా మూడేళ్లని షరతు పెట్టారు. నేను ఎగిరి గంతేశాను. షరతు సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను.

ప్రభుత్వం డబ్బుకు ఒక తమాషా ఉంది. పని ఏళ్ల తరబడి సాగుతుంది, డబ్బు మాత్రం ఫిబ్రవరిలో వచ్చి మార్చి ఆఖరులోగా ఖర్చయిపోవాలి. ఏప్రిల్ నుంచి జనవరి దాకా మేం బిక్కమొహం వేసుకుని కూర్చోవాలి, ఫిబ్రవరిలో పిచ్చెక్కినట్టు కొనాలి. మిషన్లు వచ్చేనాటికి గది లేదు, గది దొరికేనాటికి వైరింగ్ లేదు. ఒక్కోసారి రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద నిలబడి గట్టిగా అరవాలనిపించేది. అరిచాను కూడా, రెండు మూడుసార్లు.

అలా అరిచినప్పుడల్లా నన్ను వెనక్కి లాక్కొచ్చింది మా డిపార్ట్‌మెంటు హెడ్డు. వాయల్పాడు మనిషి, లెక్కల పంతులు, రిటైర్‌మెంటుకు దగ్గరపడినవాడు. కంప్యూటరు మీద చెయ్యి వేసి ఎరగడు, కానీ నా పని మీద నాకంటే ఆయనకే ఎక్కువ నమ్మకం.

“చూడమ్మా, లెక్క ఒకటి పట్టుకుంటే ఒక మనిషి జీవితకాలం చాలదు. నువ్వు పదేండ్లకే ఇట్ల గింజుకుంటే యెట్ల?” అనేవాడు. సంతకం కావాలంటే ఇంటికి వెళ్లినా పెట్టేవాడు. నా తరఫున ఎన్ని గదుల ముందు నిలబడ్డాడో లెక్కలేదు.

ప్రాజెక్టులో నా కింద ఒకే ఒక్క పరిశోధక విద్యార్థిని. మదనపల్లె అమ్మాయి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. వాళ్ల నాన్నకు మైక్‌సెట్ల అంగడి. పెళ్లిళ్లకూ ఉరుసులకూ మైకులు కట్టే ఇంట్లో పుట్టింది కనుక గొంతును ఎలా పట్టాలో ఆ పిల్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆమె ఫెలోషిప్ ఈ గ్రాంటులోంచే రావాలి. గ్రాంటు నిలిస్తే డాక్టరేటు, ఆగితే ఆమె చదువూ అంతటితో ఆగినట్టే. ఈ సంగతి మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు. అనుకోకపోయినా రోజూ గుర్తే.

గొంతుల కోసం ఇద్దరం తిరగని చోటు లేదు. పుంగనూరు మా అత్తగారి ఊరు, అక్కడ మా వీధి అరుగు మీదే మైకు పెట్టాం. ఒక ముసలామె మైకును అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి సెవులు యాడుండాయి? నేను సెప్పేది దీనికి ఇనపడ్తాందా?” అని అడిగింది. నేర్పుతున్నామన్నాను. “మా కోడలికి ఇరవై ఏండ్లుగా నేర్పిస్తాండా, రాలా. దీనికేం వస్తాది,” అంది. అరుగు మీద అందరూ నవ్వారు. ఆ నవ్వు కూడా మా రికార్డింగులో ఉంది.

రెండో ఏడు వానాకాలం అయ్యేసరికి గొంతులు సరిపడా పోగయ్యాయి. ఇక నేర్పడమే మిగిలింది. ఎనిమిది మిషన్లను కలిపి కట్టి, గొంతులన్నీ వాటికి అప్పజెప్పి వదిలేశాం. అవి విన్నదే వింటూ, తప్పు దిద్దుకుంటూ, మళ్లీ వింటూ వారాల తరబడి ఆగకుండా నడవాలి. మనం చేయాల్సింది ఏమీ ఉండదు. నా వంటిదానికి అంతకంటే పెద్ద శిక్ష ఉండదు. గంటకోసారి వెళ్లి డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూసేదాన్ని, జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు. వెచ్చగా ఉంటే బయటికొచ్చేదాన్ని. వరండా చివరిదాకా నడిచి మళ్లీ వెళ్లేదాన్ని.

“మేడం, మీరు తాకినా అవి తొందరగా నేర్చుకోవు. టీ తాగుదాం రండి,” అనేది ఆ అమ్మాయి.

కరెంటు పోతే బ్యాటరీలు పెట్టాం. బ్యాటరీలు అయిపోతే జనరేటరు. ఎలుకలు వైర్లు కొరకకుండా రేకు గొట్టాలు వేయించాం. ఎవరైనా పొరపాటున స్విచ్చి నొక్కుతారేమోనని, తలుపు మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించాం: ‘యంత్రాలు నడుస్తున్నాయి, ఆపవద్దు.’ కమిటీ వచ్చేది దసరా దాటాక కొన్నాళ్లకు. పండగ తర్వాతి వారంలో మిషన్ల చదువు పూర్తవుతుంది, ఆ పై వారం పరీక్షలు పెట్టుకోవచ్చు. అన్నీ లెక్క వేసుకున్నాం.

ఆయుధ పూజ ముందురోజు ఆమె మదనపల్లెకు, నేను పుంగనూరుకు బయలుదేరాం. పలమనేరులో బస్సు మారుతున్నప్పుడు కూడా నా మనసు మిషన్ల మీదే ఉంది. జనరేటరులో డీజిల్ పోయించామా లేదా అని ఆమెను అడిగిందే అడిగి విసిగించాను.

పండగ అయ్యాక తిరిగి వచ్చి తలుపు తీశాను. గది ఎంత శుభ్రంగా ఉందో! నేల కడిగి ముగ్గు వేసి ఉంది. ఎనిమిది డబ్బాలకూ గంధం, కుంకుమ బొట్లు. ఒక్కోదాని మీద చామంతి పువ్వు. గడప దగ్గర బూడిద గుమ్మడికాయ ముక్కలు, కుంకుమలో దొర్లించిన నిమ్మకాయలు. మిషన్లు నడుస్తూనే ఉన్నాయి, కానీ తెరలన్నీ పేరు, పాస్‌వర్డు అడుగుతూ నిలబడ్డాయి. అంటే ఎవరో ఆపి, మళ్లీ వేశారు.

నేర్చుకున్నదాన్ని మిషన్లు మధ్యమధ్యలో డిస్కు మీద రాసుకుంటాయి. చోటు చాలక పాతదాన్ని చెరిపి దాని మీదే కొత్తది రాసేలా పెట్టాం. సరిగ్గా అలా రాసుకుంటున్న సమయంలో కరెంటు తీసేశారు. పాతదీ పోయింది, కొత్తదీ మిగల్లేదు.

ఎవరు చేశారో వెతకాల్సిన పని లేకపోయింది. బొరుగులూ పుట్నాలూ బెల్లం ముక్కలూ ఉన్న ప్రసాదం పొట్లం పట్టుకుని మా హెడ్డే నవ్వుతూ వచ్చాడు.

“మీరు లేరని నేనే వచ్చి చేసినానమ్మా. కమిటీ వస్తాండాది కదా, నాలుగు కొబ్బరికాయలు ఎక్కువే కొట్టినా.”

“మిషన్లు ఆపినారా సార్?”

“ఆపకుండా పూజ యెట్ల చేస్తారమ్మా? ఆ పొద్దు ఏ యంత్రమైనా పడుకోవాల. మరుసటి పొద్దు నేనే మళ్లా వేసినా, చూడు, బాగానే ఉండాయి.”

“తలుపు మీద కాగితం చూడలేదా?”

“చూసినా. అది మామూలు దినాలకు కదమ్మా.”

ఆయన తప్పు మాట్లాడలేదు. మా వైపు బస్సు డిపోల్లో బస్సులు ఆగుతాయి, వర్క్‌షాపుల్లో లేతు మిషన్లు ఆగుతాయి, కుట్టు మిషను తొక్కే ఆమె కూడా ఆ రోజు సూది ముట్టదు. అన్నిటికీ కాపలా పెట్టుకున్న మాకు, మా సొంత పండగకు కాపలా పెట్టాలని తోచలేదు. ఇవన్నీ ఇప్పుడు చెబుతున్న మాటలు. అప్పుడు మాత్రం నా నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది. వరండా అంతా వినపడేలా అరిచాను. ఆయన చేతిలో పొట్లం బల్ల మీద పెట్టి, చాలాసేపు మిషన్ల వైపే చూస్తూ నిలబడ్డాడు.

మళ్లీ మొదటి నుంచి పెట్టాం. కమిటీ వచ్చేనాటికి మిషన్ల చదువు సగం కూడా కాలేదు. వచ్చిన పెద్దల్లో ఒకాయనకు తెలుగు వచ్చు. ఫోనులో “ఈ రోజు టమోటా ధర ఎంత?” అని అడిగాడు. మిషను ఏదో వాన గురించి జవాబు చెప్పింది. ఆ అమ్మాయి తల వంచుకుని ఫోను వైరును వేలికి చుట్టుకుంటూ ఉంది.

నేను సంజాయిషీ మొదలుపెట్టేలోపే మా హెడ్డు లేచి నిలబడ్డాడు. “తప్పు వీళ్లది కాదు. మిషన్లు ఆపింది నేను,” అని ఇంగ్లీషులో జరిగిందంతా చెప్పాడు. కమిటీ పెద్ద ఉత్తరాది మనిషి. ముందు ఆశ్చర్యపోయి, తర్వాత పగలబడి నవ్వాడు. మా దగ్గరా విశ్వకర్మ పూజకు ఇంతేనండీ, ప్రయోగశాలంతా మూతపడుతుందని అన్నాడు. అందరూ నవ్వారు. భోజనాల దగ్గర కూడా అదే కబురు. పోయేటప్పుడు ఆయన మా అమ్మాయి భుజం తట్టి, మంచి పని చేస్తున్నావని మెచ్చుకున్నాడు. ఇంత నవ్వినవాళ్లు కాదనరని నేను అనుకున్నాను.

ఢిల్లీ నుంచి జవాబు రావడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడితే చాలు, క్లాసు మధ్యలో కిటికీ దగ్గరికి పోయేదాన్ని. చివరికి వచ్చింది. పరిస్థితులను సానుభూతితో పరిశీలించి ఇంకో ఏడాది గడువు ఇస్తున్నాం, అదనపు నిధులు మాత్రం ఉండవు అని అందులో సారాంశం. పదేళ్ల పనికి డబ్బు లేని ఏడాది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నవ్వి భుజం తట్టిన చేత్తోనే సంతకం పెట్టి ఉంటాడు కదా అనుకున్నాను.

ఫెలోషిప్ ఆగింది. ఆ అమ్మాయికి బెంగళూరులో ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. కుప్పం స్టేషనులో రైలెక్కుతూ, “శనివారాలు వస్తా మేడం, మిషన్లు మాత్రం ఆపొద్దండి,” అంది. కొన్ని శనివారాలు వచ్చింది కూడా. తర్వాత ఫోను చేసింది. తర్వాత అదీ తగ్గింది. నేను తప్పు పట్టలేదు. ఆ వయసులో నేనైతే మొదటి శనివారం కూడా వచ్చేదాన్ని కాదు.

నేను ఒక్కదాన్నే కొన్నాళ్లు నడిపాను. బ్యాటరీలు చచ్చాయి, కొత్తవి కొనే దారి లేదు. డీజిల్ అడిగితే ఏ పద్దు కింద రాయమంటారని అడిగారు. ఒక్కో మిషనూ మొరాయించింది. ఒక రోజు మిగిలినవాటిని కూడా నేనే ఆపేశాను. ఆపిన తర్వాత వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే, దేనికోసం తిరుగుతున్నానో నాకే అర్థం కాలేదు.

మళ్లీ ఆయుధ పూజ వచ్చింది. ఈసారి నేను పుంగనూరు వెళ్లలేదు. పొద్దున్నే మిషన్ల గదిలో కూర్చుని ఉంటే తలుపు దగ్గర అలికిడి అయింది, చూశాను. మా హెడ్డు. అప్పటికే రిటైరై వాయల్పాడులో ఉంటున్నాడు, ఇంత దూరం పండగ పూట ఎందుకొచ్చాడో! చేతిలో గంధం గిన్నె, కుంకుమ భరిణె, పువ్వుల పొట్లం. చెప్పులు విడిచాడు కానీ గడప దాటలేదు. తలుపు మీద మా కాగితం ఇంకా అట్లే ఉంది. దాన్ని చూసి అక్కడే ఆగిపోయాడు.

“అమ్మా, లోపల ఏమన్నా నడస్తాండాదా? నడస్తాంటే నేను ముట్టనమ్మా. ఈడనుంచే దండం పెట్టుకుని పోతా.”

పోయినేడు నేను అరిచిన అరుపులన్నీ ఆయన ఆ గడప దగ్గర ఇంకా మోస్తూ నిలబడినట్టు అనిపించింది.

“ఏమీ నడవడం లేదు సార్. లోపలికి రండి.”

ఆయన రాలేదు. గిన్నె నా చేతికిచ్చి, “నువ్వే పెట్టమ్మా,” అన్నాడు. నేను ఎనిమిదింటినీ తుడిచి బొట్లు పెట్టి పువ్వులు ఉంచాను. ఆపాల్సినవి ఏవీ లేవు కాబట్టి, పూజ తొందరగానే అయిపోయింది.