నోటి చదువు

కడపలో ఆడపిల్లల మదరసాలో చదివానని చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే. దానివల్ల నీకేం ఒరిగింది? ఎక్కువగా అడిగేది మా వాళ్ళే. మా చిన్నమ్మ కూతుళ్ళు కంప్యూటర్లు చదివారు, ఒకామె బ్యాంకులో పనిచేస్తుంది. పెళ్ళిళ్ళలో నన్ను వాళ్ళ మధ్య కూర్చోబెట్టి, ఈమె ఖురాన్ బాగా చదువుతుంది అని పరిచయం చేస్తారు, పాపం ఇంకేమీ రాదు అన్నట్టు. నాకు ఒళ్ళు మండుతుంది. అయినా బిర్యానీ వచ్చేదాకా ఓర్చుకుంటాను.

ఉన్నమాట చెప్పాలంటే ఆ చదువులో లోట్లున్నాయి. లెక్కలు అంతంతమాత్రం, ఇంగ్లీషు అసలే లేదు. పదో తరగతి పెళ్ళయ్యాక, బిడ్డను చంకనేసుకుని ప్రైవేటుగా రాసి గట్టెక్కాను. మందుల చీటీ చదవాలంటే ఇప్పటికీ నా కూతురి మొహం చూడాల్సిందే. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఏం ఒరిగింది అని ఇప్పుడెవరైనా అడిగితే మా నాయన సంగతి చెబుతాను.

మాది దూదేకుల వాళ్ళ ఇల్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అందుకే మదరసా హాస్టల్లో చేరిన కొత్తలో నాకు నోరు తిరిగేది కాదు, ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లలు కిసుక్కుమని నవ్వేవాళ్ళు. మాకు చదువు చెప్పే ఆపా మాత్రం నవ్వేది కాదు. అలాగని వదిలేదీ కాదు. ఖురాన్ చదివేటప్పుడు ప్రతి అక్షరానికీ నోట్లో ఒక చోటు ఉంటుంది. కొన్ని గొంతు అడుగు నుంచి పుడతాయి, కొన్ని నాలుక మొదట్లో, కొన్ని పళ్ళ వెనక, చివరివి పెదవుల మీద. గోడకు తగిలించిన నోటి పటం మీద ఆపా బెత్తంతో ఆ చోట్లు చూపించేది. ఒక్క అక్షరాన్ని పట్టుకుని పూటంతా అరగదీసేవాళ్ళం. విసుగొచ్చి ఏడ్చిన రోజులున్నాయి.

అయినా ఆ హాస్టలంటే నాకు ప్రాణం. తెల్లవారుజామున చన్నీళ్ళతో మొహం, కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని చాపల మీద ఒకరినొకరు ఒరుసుకుని కూర్చోవడం, సాయంత్రం మిద్దె మీద దుప్పట్టాలు ఆరేస్తూ చెప్పుకున్న కబుర్లు, ఒకరి జడ ఒకరం అల్లుకుంటూ పాఠం అప్పజెప్పుకోవడం, శుక్రవారం పెట్టే సేమ్యా పాయసం. తలచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

నాయన కర్నూలులో పరుపులు, బొంతలు కుట్టేవాడు. కల్లూరులో కొత్త ఇళ్ళు లేస్తుంటే, తోపుడు బండి మీద దూది వేసుకుని వీధివీధీ కేకేసుకుంటూ తిరిగేవాడు. మహా మాటకారి. బేరంలో ఆయన్ని గెలిచిన ఆడమనిషిని నేను చూడలేదు. అలాంటి మనిషికి పోయిన చలికాలంలో పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లమెల్లగా కదిలాయి. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేది అర్థమవుతుంది, తాను చెప్పాల్సింది మనసులో ఉంటుంది, నోట్లోంచి మాత్రం ముద్దముద్దగా ఏదో వస్తుంది.

అప్పటికే బక్రీద్ అయ్యాక మా చెల్లెలి నికా అని ఖాయం చేసుకున్నారు. మాలో కాజీ మగవాళ్ళ దగ్గర కూర్చుంటే, పెళ్ళికూతురి తరఫున వకీలుగా ఒకరు, ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని ఆమె గదికి వెళతారు. ఫలానా ఆయన కొడుకు ఫలానా, అతను నీకిచ్చే మెహర్ సొమ్ము ఇంత, నీకు సమ్మతమేనా అని అడుగుతారు. ఆమె ఖుబూల్, అంటే ఒప్పుకున్నాను, అనాలి. నా నికాకు వకీలు నాయనే. చెల్లెలికీ తానే అని ఎన్నేళ్ళుగానో చెబుతూ వచ్చాడు.

నాయన తమ్ముడు, మా చిన్నాయన, మంచం పక్కన కూర్చుని ప్రేమగానే అన్నాడు: "నువ్వేం దిగులు పెట్టుకోవద్దన్నా. వకీలుగా నేను పోతాలే."

నాయన తల అడ్డంగా ఊపాడు. బాగున్న చేత్తో తన గుండె మీద కొట్టి చూపించాడు, నేను, నేను అన్నట్టు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నాయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఇంకెవరూ వద్దు, నాయనే అడుగుతాడు అని అక్కడికక్కడే అనేశాను. అనడమైతే అన్నాను గానీ, ఎట్లా అన్నది నాకూ తెలియదు.

పెద్దాసుపత్రిలో మాటలు నేర్పే మేడమ్ ఒకామె ఉంది. వారం వారం షేర్ ఆటోలో నాయన్ని తీసుకుపోయేదాన్ని. మేముండేదీ నాయన వాళ్ళతోనే గనక మిగతా రోజులు ఇంట్లో నేనే పంతులమ్మను. నాకు తెలిసిన దారి ఒక్కటే గనక ఆపా చెప్పిన వరసలోనే మొదలుపెట్టాను, గొంతు అడుగు నుంచి. హ అను నాయనా, ఇంకా లోపల్నుంచి, ఇంకా. పాపం దగ్గీ దగ్గీ కళ్ళు ఎర్రబడి, ఒకరోజు చేతిలోని గ్లాసు గోడకేసి కొట్టాడు. ఈ వయసులో ఆయన్ని మదరసాలో చేర్చినావా అని అమ్మ నన్ను దులిపేసింది. ఈ సంగతి చెబితే ఆసుపత్రి మేడమ్ పగలబడి నవ్వింది. నీ వరస తిరగేయమ్మా, పెదవులు అద్దంలో కనిపిస్తాయి, కనిపించేది ముందు, గొంతు చివరికి అంది. నోట్లో చోట్లన్నీ నాకు కరెక్టుగానే తెలుసు. నేను తలకిందులుగా మొదలుపెట్టానంతే.

అద్దం తెచ్చి ముందు పెట్టాను. బ, మ, ప. నాయన వేళ్ళు నా గొంతు మీద పెట్టుకుని, వణుకు తెలుస్తోందా అని అడిగి, అవే వేళ్ళు ఆయన గొంతు మీద పెట్టేదాన్ని. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, వాక్యాన్ని ఎక్కడ విరవాలి, అదంతా ఆపా దగ్గర నేర్చిందే. సరిగా అనకపోతే కసిరేదాన్ని. ఆయన నాలుక బయటపెట్టి వెక్కిరించేవాడు. నాలుకకు అదీ ఒక కసరత్తేలే అని ఊరుకునేదాన్ని. మా ఆయన బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే పనికి పోతూ, ఏం మామా, పాఠం వచ్చిందా అని రోజూ ఆటపట్టించేవాడు. ఒకరోజు నాయన ఆయన మొహమ్మీదే "పోప్పా" అన్నాడు, స్పష్టంగా. ఆ రోజు అమ్మ కేసరి చేసి వీధంతా పంచింది.

అన్నీ ఒక ఎత్తు, పెళ్ళికొడుకు పేరు ఒక ఎత్తు. అది గొంతులో గరగరమనే ఖ అక్షరంతో మొదలవుతుంది. నాయన దాంతో రోజుల తరబడి కుస్తీ పట్టాడు. రాక రాక ఒకసారి వస్తే రెండోసారికి జారిపోయేది. ఎందుకైనా మంచిది, నేను పక్కనే ఉంటా అని నికా ముందు రోజు చిన్నాయన నాతో అన్నాడు. సరేనన్నాను. లోపల నాకూ భయమే.

నికా నాడు చెల్లెలి గది నిండా ఆడవాళ్ళు. నాయన కొత్త జుబ్బా వేసుకుని కర్ర ఊతంతో వచ్చాడు. వెనకాల ఇద్దరు సాక్షులు, చిన్నాయన. నాయన ఊపిరి తీసుకున్నాడు. పెళ్ళికొడుకు తండ్రి పేరు బాగానే వచ్చింది. పెళ్ళికొడుకు పేరు దగ్గర గొంతు పట్టేసింది. చిన్నాయన నోరు తెరవబోతే నాయన చెయ్యెత్తి ఆపాడు. మళ్ళీ ఊపిరి తీసుకుని ఆ పేరు అన్నాడు. బొంగురుగానే వచ్చింది గానీ గదిలో అందరికీ తెలిసింది. మెహర్ చెప్పాడు. నీకు సమ్మతమేనామ్మా అని అడిగాడు.

చెల్లెలు తల దించుకుని ఒకటే ఏడుపు. నోట మాట రావడం లేదు. సిగ్గుపడుతోంది, సరేనన్నట్టే, ఇంక పోండి అన్నారు పక్కనున్న పెద్దమ్మలు. కన్నెపిల్ల మౌనం సమ్మతం కిందే లెక్క అని నేనూ మదరసాలో చదివినదాన్నే. ఆ మాటే చెప్పబోయాను కూడా. సాక్షులు వెనక్కి తిరిగారు. నాయన మాత్రం కదల్లేదు. కర్ర నా చేతికిచ్చి, కష్టం మీద చెల్లెలి ఎదురుగా కింద కూర్చున్నాడు.

"ఔనంటే ఔనను, కాదంటే కాదను. నోరు తెరిచి చెప్పుమ్మా" అన్నాడు, ఒక్కొక్క మాటా విరిచి విరిచి. "నేను శానా కష్టపడి అడుగుతాండా."

ఆ మాటలు నేను నేర్పినవి కావు. చెల్లెలు తలెత్తి నాయన మొహంలోకి చూసింది. కళ్ళు తుడుచుకుని, మగవాళ్ళ గదిదాకా వినపడేటట్టు, "ఖుబూల్ నాయనా" అంది.