తెల్లపువ్వు, నల్లమరక

మా పెద్దమ్మకు ఏదైనా తెలియకపోతే అది తెలిసేదాకా నిద్రపట్టదు, పక్కవాళ్లకూ పట్టనివ్వదు. ఆసుపత్రి లాండ్రీలో ఉతికిన దుప్పట్లు ఆరేయడం ఆవిడ పని, మడతలు పెట్టడం నా పని. పెరట్లో కుళాయి కారడం మొదలయ్యాక, ఆ చిత్తడిలో మెత్తటి మొక్కలు పరుచుకుని చొక్కా బొత్తాం అంత తెల్లపూలు పూశాయి. తడి మూటలు సిమెంటు నేల మీద దించితే దుమ్మంటుతుందని, పెద్దమ్మ వాటిని ఆ పచ్చటి మొక్కల మీదే దించేది. శుభ్రం అంటే అంత పట్టింపు మరి.

ఇంతలో ఆరిన దుప్పట్ల మీద నల్లమరకలు కనిపించసాగాయి.

"ఇంకెవరు? నూనెడబ్బా మహానుభావుడే!" అని పెద్దమ్మ తేల్చేసింది. ఉతికే మిషన్లు చూసుకునే మేస్త్రి అతను. పాపం, "నేను కాదక్కా" అంటూ చేతులు తుడుచుకున్నాడు.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట!" అంది పెద్దమ్మ.

సూపర్‌వైజరు ఆ మాటే నమ్మి, శనివారంతో పని మానేయమన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ ఆవిడకు ఎదురు చెప్పేదెవరు?

ఆవిడ ధ్యాసంతా పువ్వు మీదే. గడ్డిచామంతి అనుకుందామంటే నడుమ పసుపు లేదు, పొడుగు కాడా లేదు. రేకులు మరీ సన్నం, దారప్పోగుల్లా ఉన్నాయి. "ఏదో పిచ్చిమొక్కలే పెద్దమ్మా" అన్నాను.

"పేరు లేని పువ్వుంటుందా? నీకు తెలీదని చెప్పు!"

శనివారం ఒక రెమ్మ తుంచి క్యాంటీన్ వంటావిడ ముందు పెట్టింది. నేనూ వెంట వెళ్లాను.

"ఇది గుంటగలగర కదా వదినా! తడి ఉన్నచోటల్లా మొలుస్తుంది. తలనూనెలో వేసి కాచుకుంటాం. ఆకు నలిపి కాసేపు ఆగు, నీకే తెలుస్తుంది."

పెద్దమ్మ నలిపింది. ముందు వేళ్లకు పచ్చటి రసం అంటింది. వంటావిడ టీ వడపోసేలోగా అది నల్లగా మారింది. పేరు దొరికిన సంబరంతో నవ్వబోయిన పెద్దమ్మ, ఆ వేళ్లవైపే చూస్తూ ఆగిపోయింది.

"అయ్యో, నా మూటలు!" అంది మెల్లగా.

వంటావిడకు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పెద్దమ్మ నోరు మూసుకుంటే ఇంకెవరికీ తెలియదు. తన తప్పు తాను ఒప్పుకోగా నేనెన్నడూ చూడలేదు, అందుకే భయమేసింది.

పెద్దమ్మ టీ ముట్టలేదు, చేయి కడుక్కోకుండానే ఆఫీసుకు నడిచింది. ఆఫీసుగదిలో మేస్త్రి తాళాలు అప్పగిస్తున్నాడు. పెద్దమ్మ సూపర్‌వైజరు బల్ల మీద నల్లటి వేళ్లు చాచి పెట్టింది.

"మరకలు నా వల్ల పడ్డాయి సార్. ఆ తాళాలు అతనికిచ్చేయండి."

తర్వాత మేస్త్రివైపు తిరిగింది.

"భుజాలు తడుముకోవాల్సింది నేను తమ్ముడూ."