మాల తీయనన్న తమ్ముడు

పొద్దున పూజలో కూర్చున్నా మనసు నిలవలేదు. శబరిమల వెళ్ళివచ్చి కూడా మా తమ్ముడు మెడలోని అయ్యప్ప మాల తీయనన్నాడు. "ఇంకో మండలం చేస్తానక్కా" అన్నాడు. వంటింట్లో మరదలు కళ్ళు తుడుచుకుంది. దీక్షలో భార్యాభర్తలు దూరంగా ఉండాలి కదా. వాడికి కావలసింది ఆ దూరమేనేమో అనిపించింది.

"స్వామీ, నిజం చెప్పండి. ఇది భక్తేనా?" అని వాణ్ణి అడిగాను.

వాడు తల దించుకున్నాడు. "దాని దగ్గరికెళ్తే ఒళ్ళు సహకరించట్లేదక్కా. ఏడాదిగా ఇంతే."

"నీకు షుగరుంది కదరా! డాక్టరుకి చెప్పావా?"

"శరమ్ అక్కా, సిగ్గేస్తుంది. ఎలా చెప్పను?"

మధ్యాహ్నం మా ఊళ్ళోనే దేవేంద్ర నగర్‌లో ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వాడు లోపల ఉన్నంతసేపూ బయట నా చేతిలో జపమాల కదల్లేదు. షుగరు వల్ల ఇలా అవుతుందట, మందులున్నాయట. గుండె కూడా పరీక్ష చేయించుకోమన్నారు. వచ్చేసారి భార్యను తీసుకురమ్మన్నారు.

సాయంత్రం వాడు మాల తీయడానికి ఒప్పుకున్నాడు. తల్లి చేత్తో తీయించాలి, అమ్మ లేదు కనుక నేనే తీశాను. మరదలికి వాడే అంతా చెప్పాడు. మందు పనిచేస్తుందో లేదో తెలియదు, నా గాభరా తగ్గలేదు.

వాడు రాయమంటేనే రాస్తున్నాను. మీ ఇళ్ళలో మగవాళ్ళు ఇలాంటివి ఎవరికి చెబుతారు? దేవుడి చాటున దాక్కోవడమేనా?